కావలి పాపకు ప్రైవేటు బీటెక్కా, ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ లెక్కలా?

కావలి నాన్న: మా పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. లెక్కలంటే ప్రాణం. ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో ర్యాంకు మరీ గొప్పది కాదు, తీసిపారేసేదీ కాదు. నెల్లూరు చుట్టుపక్కల ర్యాంకు మీద ఇచ్చే కన్వీనర్ కోటాలో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) వస్తుంది, ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఉంది కదా అంటున్నారు ఇంట్లో. నాకేమో నెల్లూరు డీకే మహిళా కాలేజీలో బీఎస్సీ చాలనిపిస్తోంది. పెద్ద ఖర్చు మోయలేను.

మామిడితోట (ఉలవపాడు): బీటెక్కే అన్నా. రీయింబర్స్‌మెంట్ ఉంటే ఫ్రీయే కదా.

పెన్నా గట్టు: ఎవరికబ్బా ఫ్రీ? నేనూ కన్వీనర్ కోటాలోనే చేరా. ప్రభుత్వం నుంచి డబ్బు రాలేదని చివరి ఏడాది మమ్మల్నే కట్టమన్నారు. కట్టేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వలేదు. అమ్మ గాజులు తాకట్టు పెట్టింది. ఒరిజినల్స్ ఆపకూడదని యూనివర్సిటీల పైనుండే యూజీసీ 2018లోనే చెప్పింది, మా కాలేజీకి ఎవరు చెప్పాలి?

దర్శి కుర్రోడు: ఒంగోలు ట్రిపుల్ ఐటీ చూడొచ్చుగా?

లెక్కల మాస్టారు (ఒంగోలు): అది పదో తరగతి మార్కులతో తీసుకునే ఆరేళ్ల కోర్సు బాబూ. ఈ పిల్ల ఇంటర్ దాటేసింది.

నాన్నగారూ, మీ ఆలోచనే మంచిది. రీయింబర్స్‌మెంట్ కాలేజీ బస్సుకు రాదు. కావలి నుంచి నెల్లూరు యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ. నాలుగేళ్ల బస్సు ఫీజు లెక్కేయండి. ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ చేసి జామ్ అనే ఎంట్రన్స్ రాస్తే ఐఐటీలో ఎమ్మెస్సీ చదవొచ్చు. ఇంటర్ బోర్డులో పై ఒక శాతంలో ఉంటే సైన్స్ డిగ్రీ చదివేవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయల దాకా ఉంటుంది. నా దగ్గర లెక్కల్లో మెరిసిన పిల్లలంతా సీఎస్‌ఈ అంటూ పోయారు. ఇప్పుడు ఒక్కరికీ ఇంటిగ్రేషన్ గుర్తులేదు.

పెన్నా గట్టు: ఇంటిగ్రేషన్ ఎవరికి కావాలి మాస్టారూ, ఉద్యోగం కావాలి.

లెక్కల మాస్టారు (ఒంగోలు): మీకొచ్చిందా?

పెన్నా గట్టు: సర్టిఫికెట్లు టైముకు చేతికి రాకుంటే ఎట్లా వస్తుందండీ!

మామిడితోట (ఉలవపాడు): ఒంగోలు కాలేజీల్లో వేయండి అన్నా, కావలికి అదీ దగ్గరే.

లెక్కల మాస్టారు (ఒంగోలు): దూరం దగ్గరే, రీజియన్ వేరు. సీట్ల లెక్కలో నెల్లూరు ఎస్వీయూ (శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ) కిందికి, ఒంగోలు ఉన్న ప్రకాశం ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) కిందికి వస్తాయి. కావలిలో చదివిన పిల్ల ఒంగోలులో నాన్‌లోకల్. లోకల్ వాళ్లకు 85 శాతం పోగా మిగిలినదాంట్లోనే పోటీ.

మామిడితోట (ఉలవపాడు): ఆధార్ అడ్రస్ మారిస్తే?

లెక్కల మాస్టారు (ఒంగోలు): లోకల్‌కు చూసేది ఆధార్ కాదయ్యా! పిల్ల ఎక్కడ చదివిందనేది.

ఆత్మకూరు అక్క: ఇందాకటి నుంచి బస్సు ఫీజు లెక్కలే చూస్తున్నా. అన్నా, మీకు కొడుకున్నాడా?

కావలి నాన్న: ఉన్నాడమ్మా. చెన్నై దగ్గర ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ మూడో ఏడాది. దానికీ దీనికీ ఏంటి?

ఆత్మకూరు అక్క: వాడు చేరేటప్పుడు కూడా ఇట్లాగే సలహా అడిగారా? సీటు ఊరికే ఇచ్చారా?

కావలి నాన్న: ఎకరం అమ్మాను. ఐతే? అప్పుడు రొయ్యల రేటు బాగుంది. ఈ ఏడు చెరువు మొత్తం నష్టం. మగపిల్లాడని కాదు.

ఆత్మకూరు అక్క: రేటు బాగున్నప్పుడు కొడుకుకు చెన్నై. పడిపోతే కూతురికి డీకే. మా నాన్నదీ ఇదే లెక్క. మా తమ్ముడు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు, నేను ఇక్కడ ట్యూషన్లు చెప్పుకుంటున్నా.

కావలి నాన్న: నీ ఇంటి గొడవ నా మీద రుద్దకమ్మా.

లెక్కల మాస్టారు (ఒంగోలు): అమ్మా, డీకే అనేది శిక్షేం కాదు. నేను బీఎస్సీ అన్నది పిల్లకు లెక్కలిష్టమని, ఖర్చు తగ్గుతుందని కాదు.

ఆత్మకూరు అక్క: మాస్టారూ, బస్సు ఫీజుతో మొదలెట్టింది మీరే. సరే, ఇంతకీ పాపేమంటుందో ఇక్కడ ఎవరన్నా అడిగారా?

కావలి నాన్న: ఇప్పుడే అడిగా. సీఎస్‌ఈ వద్దంట. లెక్కలేనంట. కానీ డీకేలో కాదు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ అంట. దానికి సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీ రాసిందట, నాకు చెప్పనేలేదు. ఫీజు మరీ ఎక్కువేం కాదంటోంది. అంత దూరం పంపడానికి వాళ్లమ్మ ఒప్పుకోదు.

ఆత్మకూరు అక్క: ఒప్పుకోనిది వాళ్లమ్మా, మీరా?

లెక్కల మాస్టారు (ఒంగోలు): సీయూఈటీలో లెక్కల స్కోరెంతో చెప్పండి ముందు.

పెన్నా గట్టు: ఎక్కడ చేర్చినా ఒరిజినల్స్ చేతికిచ్చే ముందు జిరాక్స్ తీయించండి, ఇచ్చినట్టు రసీదు అడగండి.