మెట్టచేను గట్లకు వట్టివేరా, మేతగడ్డా?

మెట్టసేద్యం (అనంతపురం):
మాది వాలున్న ఎర్రనేల. వేరుశనగ, మధ్యలో కంది సాళ్లు వేస్తాం. మా జిల్లాలో ఏడాది మొత్తం కలిపి 550 మి.మీ. చుట్టుపక్కలే వాన. అది కూడా కురిస్తే ఒక్కసారే కురుస్తుంది, పైమట్టంతా కింది చేనుకు పోతోంది. మట్టి గట్లు ఏటా తెగుతున్నాయి. వట్టివేరు నాటమని కొందరంటున్నారు. పశువు ముట్టని గడ్డి ఎందుకు, అంజన్ గడ్డి చల్లుకోమని మా మామ అంటున్నాడు. ఏది నయం?

గొర్రెలకాపు:
మీ మామ మాటే నా మాట అన్నా. కరువు సీమలో గట్టు ఉన్నదే మేతకు. అంజన్ గింజ తేలిక, గాలికి ఎగిరిపోకుండా తడి ఇసుకలో కలిపి చల్లితే సరి. ఎండకు మాడినా తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. వట్టివేరుకైతే పిలకలు కొనాలి, కూలీలను పెట్టి నాటించాలి. ఆకు ముదిరితే గరుకు, గొర్రె మూతి కూడా పెట్టదు. ఆ ఖర్చు ఎవరు భరిస్తారు?

చెలకరైతు (మహబూబ్‌నగర్):
తమ్ముడు అడిగింది మట్టి గురించి, మేత గురించి కాదు. గొర్రె మూతి పెట్టకపోవడమే వట్టివేరు బలం. అంజన్ గడ్డిని మందలు ఏప్రిల్ నాటికి మొదలంటా మేసేస్తాయి. జూన్‌లో మొదటి గట్టి వాన పడేసరికి గట్టు బోడిగా ఉంటుంది. మట్టి పోయేది అప్పుడే కదా!

వట్టివేరు దుబ్బులు కలిసిపోతే వాననీరు వెనక ఆగి, వాటి సందుల్లోంచి వడకట్టినట్టు మెల్లగా దిగుతుంది. మట్టి అక్కడే పేరుకుంటుంది. వేరు నిలువుగా 3 మీటర్ల దాకా దిగుతుందే గానీ పక్కలకు పెద్దగా పాకదు, పంట పదును (నేల తేమ) లాగేసుకుంటుందన్న భయం అక్కర్లేదు. దక్షిణాది రకం గింజతో మొలవదు కాబట్టి చేలో కలుపు కాదు. 1980లలో ప్రపంచ బ్యాంకు వాళ్లు దీన్ని ప్రచారం చేయకముందే కర్ణాటకలో గుండ్లుపేట వైపు రైతులు పొలం హద్దుల్లో పెంచుకుంటున్నారు.

ఇక నాటడం. నేల బాగా తడిశాక, రెండు మూడు పిలకల కుచ్చులు, 10–15 సెం.మీ. ఎడంతో ఒకే వరుస. ఆకు జానెడు ఉంచి కోయాలి. నాటేదాకా వేళ్లు ఆరకుండా తడి గోనెపట్టాలో ఉంచాలి. ఎండిపోయిన చోట మళ్లీ వాన పడగానే కొత్త పిలక పెట్టాలి. ఇది మాత్రం వదలొద్దు. ఒక్క సందు మిగిలినా నీరంతా అక్కడికే చేరి గండి కొడుతుంది. వరుస చిక్కబడడానికి రెండు మూడేళ్లు పడుతుంది. చెట్ల నీడలో సరిగా ఎదగదు, వేపచెట్టు కింద నాటి డబ్బు పోగొట్టుకోవద్దు.

పల్లెనర్సరీ:
వేళ్లకు మంచి గిరాకీ ఉంది కదా. తవ్వి అమ్ముకుంటే ఖర్చు తిరిగి వచ్చేస్తుంది!

చెలకరైతు:
దయచేసి ఆ ఆశ పెట్టకండి. వేరు తవ్వితే గట్టు కూడా పోతుంది. వేళ్ల కోసం కడలూరు వైపు ఇసుక నేలల్లో వేస్తారు, అది పంటగా వేసేది. గట్టు మీదిది ఆకు కోతకే. మోకాలి ఎత్తున కోస్తూ ఉంటే పిలకలు పెరుగుతాయి. లేత ఆకు ఆవులు తింటాయి, ముదిరింది చెట్ల పాదుల్లో పరుచుకోవచ్చు.

మెట్టసేద్యం:
మా హద్దు గట్లు వాలు వెంట నిలువుగా ఉన్నాయి. వాటి మీదే నాటాలా?

చెలకరైతు:
వద్దు, నీటిని ఆపేది అడ్డ వరుసే. మూడు కర్రలతో ఇంగ్లిష్ A అక్షరంలా చట్రం (ఎ-ఫ్రేమ్) కట్టి, నడిమిన దారానికి రాయి వేలాడదీసి, వాలుకు అడ్డంగా సమానమైన ఎత్తులో గుర్తులు పెట్టుకో. ఆ గీత చేను మధ్య నుంచి వంకరగా పోయినా సరే, దాని మీదే నాటు. తర్వాత ఆ వరుస పక్కనే దున్నుకుంటూ పో.

గొర్రెలకాపు:
వేరు సంగతి ఒప్పుకుంటా. కానీ చేను మధ్యలో వంకర గీత అంటే ట్రాక్టరు తిరగదు, అద్దె పెరుగుతుంది. పైగా వరుస చిక్కబడేదాకా లేత పిలకలను మందలు తొక్కకుండా ఎవరు కాస్తారు? వేరుశనగ పీకేశాక మా ఊళ్లో చేలన్నీ అందరి మందలకూ బీడే. ఊరంతా కలిసి కట్టుబాటు చేసుకోకుండా ఒక్క రైతు నాటితే నిలవదని ఇప్పటికీ నా మాట.