ఒక్కదాన్నే అన్నీ చేసుకోలేకపోతున్నాను, ముందు ఏ పని వదలాలి?

నమస్కారమండీ. నాలుగేళ్లుగా చేత్తో నోటుపుస్తకాలు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. కుట్టేదీ, ఫోటోలు తీసేదీ, ప్యాక్ చేసేదీ, లెక్కలు రాసేదీ నేనే. రాత్రి పదకొండింటికి "నా ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చింది?" అని మెసేజ్ వస్తే జవాబిచ్చేదీ నేనే.

ఆర్డర్లు బాగానే ఉన్నాయి, నాకే ఓపిక అయిపోయింది. మొన్న మైనం పూసిన దారం సూదిలోకి ఎక్కించి, దాన్నలాగే పట్టుకుని అరగంట కూర్చుండిపోయాను. కాగితం మడిచి గట్టిగా నొక్కి గీస్తే వచ్చే ఆ చిన్న చప్పుడంటే నాకు ప్రాణం. ఇప్పుడది వినబడితే ఇంకా ఎన్ని మిగిలాయా అనే లెక్కే.

వారం సెలవు తీసుకున్నాను. నిద్రయితే తీరింది గానీ మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లబుద్ధి కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ని జబ్బుగా కాకుండా పనికి సంబంధించిన స్థితిగా చెప్పింది. నీరసం, పని మీద విముఖత, చేతకావట్లేదన్న భావన దాని లక్షణాలట. మూడూ నాలో ఉన్నాయి. అందుకే పని చేసే తీరే మార్చాలనుకుంటున్నాను.

ఒంటరిగా నడుపుకుంటున్నవాళ్లు దయచేసి చెప్పండి. ముందుగా ఏ పని వేరేవాళ్లకి అప్పజెప్పారు? అడిగినట్టు చేసిచ్చే ఆర్డర్లు ఆపేస్తే పాత కస్టమర్లు నిలిచారా? నెలలో కొన్ని రోజులే ఆర్డర్లు తీసుకోవడం ఎవరికైనా కుదిరిందా? కుట్టడం మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టలేను, మిగతా ఏదైనా వదులుకుంటాను.