ఇగ్నేషియస్ డానెల్లీ అసలు ఎవరు?

రాత్రిషిఫ్ట్:
ద్వారక మునక గురించి ఒక యూట్యూబ్ వీడియో చూశాను. మధ్యలో "సముద్రంలో మునిగిపోయిందని చెప్పే అట్లాంటిస్ ఖండం నిజంగా ఉండేదని 1882లోనే అమెరికన్ సైంటిస్టు ఇగ్నేషియస్ డానెల్లీ నిరూపించాడు" అని ఒక ముక్క అనేసి వెళ్లిపోయారు. వెతికితే ఒకచోట లాయర్ అని, ఇంకోచోట రైతు నాయకుడని, మరోచోట నవలా రచయిత అని ఉంది. అందరూ ఒకరేనా? నిజంగా సైంటిస్టేనా?

గుంటూరు ప్లీడరు:
ఒక్కడే బాబూ. సైంటిస్టు మాత్రం కాదు, మావాడే, ప్లీడరు. నేను గుంటూరులో ప్రాక్టీసు వదిలేసి మినెసోటాలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. డానెల్లీ రాజకీయమంతా ఈ రాష్ట్రంలోనే కాబట్టి ఆయన గురించి బాగానే చదివాను.

పుట్టింది 1831లో, ఫిలడెల్ఫియాలో. అక్కడే లా చదివి, మినెసోటా వచ్చి మిసిసిపీ ఒడ్డున హేస్టింగ్స్ దగ్గర నినింజర్ అనే ఊరికి వెంచర్ వేశాడు. ప్లాట్లు అమ్మడానికి ఇంగ్లిష్, జర్మన్ భాషల్లో పత్రిక కూడా నడిపాడు. 1857లో మార్కెట్ కూలింది, ఊరు లేవలేదు. ప్లాట్లలో గోధుమలు వేసుకున్నాడు.

28 ఏళ్లకే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్, అంటే గవర్నర్ తర్వాతి పదవి. 1863 నుంచి 1869 దాకా కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో సభ్యుడు. సొంత పార్టీ వాడైన ఎలీహూ వాష్‌బర్న్‌తో సభలోనే తిట్లకు దిగాడు, 1868లో సీటు పోయింది. తర్వాత రైల్వే కంపెనీల మీద, మిల్లుల మీద పడ్డాడు. మినియాపొలిస్ మిల్లర్లు చిన్న ఇత్తడి పాత్రలో గోధుమలు తూచి గ్రేడు కట్టేవారు, ఆ గ్రేడును బట్టే ధర. మా మిర్చి యార్డులో తాలు, తేమ అంటూ రేటు కోస్తే రైతుకు ఎంత మండుతుందో, అక్కడా అంతే మండింది. 1878లో మళ్లీ కాంగ్రెస్ సీటుకి నిలబడి ఆ పాత్రనే పట్టుకుని ప్రచారం చేశాడు. ఎవరి చేతిలో ఓడాడో తెలుసా? విలియం వాష్‌బర్న్ చేతిలో. మిల్లుల ఆసామి, పైగా ఆ ఎలీహూకి తమ్ముడు!

ఎన్నిక చెల్లదని వాదించాడు, అదీ నిలవలేదు. చేతిలో పని లేని ఆ రోజుల్లో మొదలుపెట్టిందే 'అట్లాంటిస్' పుస్తకం.

సందేహాల రావు:
ప్లీడరుగారూ, లాయర్ రాసినంత మాత్రాన తప్పవుతుందా? ఈజిప్టులో పిరమిడ్లు, మెక్సికోలో పిరమిడ్లు, అన్ని దేశాల్లో ప్రళయం కథలు... ఇవన్నీ ఉత్తి యాదృచ్ఛికమేనా?

గుంటూరు ప్లీడరు:
లాయర్ రాసినందుకు కాదు రావుగారూ, లాయర్ రాసినట్టు రాసినందుకు. ఎగ్జిబిట్ మీద ఎగ్జిబిట్ పెట్టుకుంటూ పోయాడు, క్రాస్ ఎగ్జామినేషన్ లేదు. రెండు చోట్లా పోలిక ఉంటే మూలం ఒకటే, అది అట్లాంటిసే అంటాడు, ఎవరికి వాళ్లు కట్టుకుని ఉండొచ్చన్న మాటను దగ్గరికి రానివ్వడు. మధ్య అమెరికా మాయన్ల అక్షరమాలను పశ్చిమాసియాలోని ప్రాచీన ఫినీషియన్ అక్షరాలతో జత కట్టాడు. ఆయన నమ్ముకున్న ఆ పట్టిక అసలు అక్షరమాలే కాదు. అట్లాంటిక్ అడుగున ఓడలు లోతు కొలిచి కనిపెట్టిన గట్టును చూపించి ఇదే మునిగిన ఖండం అన్నాడు. అది మునిగింది కాదు, కింది నుంచి కొత్తగా పుట్టుకొస్తున్న సముద్రపు నేల.

వాదన పసందుగా ఉంటుంది, అది ఒప్పుకోవాలి. బ్రిటిష్ ప్రధాని గ్లాడ్‌స్టన్ చదివి స్వయంగా ఉత్తరం రాశాడు. ఆ ఊపులో 1888లో ఇంకో పెద్ద పుస్తకం తెచ్చాడు: షేక్స్‌పియర్ నాటకాలు ఆ కాలపు తత్వవేత్త ఫ్రాన్సిస్ బేకన్ రాశాడట, మాటల లెక్కలో ఆ రహస్యం దాచాడట! పైల్ అనే పత్రికాయన అదే లెక్క 'హామ్లెట్' మీద వేసి, అందులోంచి డానెల్లీ పేరే తీశాడు, "రచయిత, రాజకీయ నాయకుడు, బూటకగాడు" అన్న బిరుదులతో సహా. ఇంతకంటే మంచి క్రాస్ నేను ఏ కోర్టులోనూ చూడలేదు.

రాత్రిషిఫ్ట్:
నవ్వు ఆగట్లేదు సార్ 😀 అయితే మనిషిని సీరియస్‌గా తీసుకోనక్కర్లేదా?

గుంటూరు ప్లీడరు:
అయ్యో, అలా అనకు. 1892లో రైతుల పక్షాన నిలిచిన పాపులిస్టు పార్టీ ఒమాహా నగరంలో ప్రకటించిన ప్రణాళికకు పీఠిక రాసింది ఈయనే. కోట్లమంది కష్టాన్ని దోచి కొందరు సంపదలు పోగేస్తున్నారని, ఒకే అన్యాయపు కడుపులోంచి బికారులూ కోటీశ్వరులూ పుడుతున్నారని అందులో రాశాడు. ఆదాయం పెరిగేకొద్దీ పెరిగే పన్ను, రైల్వేలు ప్రభుత్వానివి కావడం ఆ ప్రణాళికలోని డిమాండ్లే. ఇక్కడా ఒక పక్షం వాదనే, కానీ ఈసారి సాక్షులు బతికున్న రైతులు. అవతలి పక్షానికి ప్లీడర్ల కరువు ఎటూ లేదు. నన్నడిగితే ఆయన రాతల్లో ఇదే గట్టిది.

1901 జనవరి 1న పోయాడు. అంతకుముందు ఏడాది కూడా ఉపాధ్యక్ష పదవికి పోటీలో ఉన్నాడు. ఓడిపోవడం ఆయనకు కొత్త కాదులే.

సందేహాల రావు:
పిరమిడ్ల సంగతి నాకింకా పూర్తిగా మింగుడుపడలేదు. అయినా పుస్తకం చదివాకే మాట్లాడతాను. దొరుకుతుందా?

రాత్రిషిఫ్ట్:
గూటెన్‌బర్గ్ సైట్‌లో ఫ్రీగా ఉంది రావుగారూ, ఇప్పుడే దించుకున్నాను. ఆయన నవల 'సీజర్స్ కాలమ్' కూడా ఉంది. నేను మాత్రం ముందు ఆ పీఠికే చదువుతాను, చిన్నది కదా.