ఏప్రిల్ 1కే జీతాలు కొత్త సాఫ్ట్‌వేర్‌లోనా? పేరలల్ రన్ చాలా, విడిగా టెస్టింగ్ కావాలా?

ఆటోనగర్ హెచ్‌ఆర్:
అందరికీ నమస్కారమండీ. మాది విజయవాడ ఆటోనగర్‌లో కంపెనీ, మొత్తం 430 మంది. ఐదేళ్లుగా హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌లో సెలవులు, హాజరు మాత్రమే చూసుకుంటున్నాం. జీతాలు ఎక్సెల్‌లోనే. ఇప్పుడు గుంటూరులో కోల్డ్ స్టోరేజీ, హైదరాబాద్‌లో చిన్న ఆఫీసు వచ్చి కలిశాయి. అదే సాఫ్ట్‌వేర్‌కి పేరోల్ (జీతాల లెక్క), షిఫ్టులు తగిలిస్తున్నారు. ఏప్రిల్ 1న మొదలెట్టాల్సిందేనని ఎండీ గారి పట్టు. చేతిలో ఉన్నది పదకొండు వారాలు.

వెండర్ "రెండు వారాల టెస్టింగ్ చాలు, మా దగ్గర 140 టెస్ట్ కేసులు (ఒక్కో సందర్భం పెట్టి చూసే పరీక్షలు) రెడీగా ఉన్నాయి" అంటున్నాడు. మా అకౌంటెంట్ గారేమో "ఆ కేసులేవీ వద్దు. ఫిబ్రవరి, మార్చి రెండు నెలలు ఎక్సెల్, కొత్తదీ పక్కపక్కన నడుపుదాం, అదే పేరలల్ రన్. రూపాయి తేడా రాకపోతే ఆన్ చేద్దాం" అంటున్నారు. మధ్యలో నేను నలుగుతున్నాను. మీరైతే ఏం చేస్తారు?

పాత ఖాతా:
మీ అకౌంటెంట్ మాటే నా మాటమ్మా. ముప్పై ఏళ్లు జీతాల బిల్లులు చేసి రిటైరైనవాణ్ణి. వెండర్ కేసులు వెండర్ సాఫ్ట్‌వేర్‌ని పాస్ చేయడానికే రాసుకుంటాడు. అసలు మనుషులు, అసలు సెలవులు, అసలు అడ్వాన్సులు పెట్టి నడిపితేనే నిజం బయటపడుతుంది.

టెస్టింగ్ అమ్మాయి, గుంటూరు:
బాబాయ్ గారూ, పేరలల్ రన్ వద్దని నేననను. అదొక్కటే చాలంటేనే భయం. ఆ నెలలో జరిగింది మాత్రమే అందులో కనబడుతుంది, జరగనిది కనబడదు.

నేను ముందు పనిచేసిన చోట ఏప్రిల్ నెల నడిపి చూశారు. పైసా తేడా లేదు, స్వీట్లు కూడా పంచారు. మే జీతాలు పడగానే హెచ్‌ఆర్ గది ముందు లైను. సంగతేంటంటే, సెలవు మించితే జీతం కోయడానికి పాత ఎక్సెల్ ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితో భాగించేది. కొత్తది ఎప్పుడూ 30తోనే. ఏప్రిల్‌కి 30 రోజులే కాబట్టి రెండూ ఒకటే చెప్పాయి. మేలో 18,600 జీతగాడికి ఒక రోజు కోత 600 పోవాల్సింది 620 పోయింది. ఇరవై రూపాయలే, కానీ ఇరవై రూపాయల దగ్గర నమ్మకం పోయాక మిగతా స్లిప్పంతా తప్పే అనుకుంటారు జనం.

పాత ఖాతా:
అది ఒక్క నెల నడిపినవాళ్ల తప్పు తల్లీ! వీళ్లు నడిపేది ఫిబ్రవరి, మార్చి. 28 రోజులదొకటి, 31 రోజులదొకటి. నువ్వు చెప్పిన తప్పు మొదటి నెలలోనే దొరుకుతుంది.

టెస్టింగ్ అమ్మాయి, గుంటూరు:
ఒప్పుకున్నాను, అది దొరుకుతుంది. మరి ఈఎస్‌ఐ, అదే ఉద్యోగుల ఆరోగ్య బీమా కోత? జనవరిలో ఇంక్రిమెంట్ పడి 20,400 నుంచి 21,600 అయిన మనిషిని తీసుకోండి. పరిమితి 21,000 దాటినా, అక్టోబరు నుంచి మార్చి దాకా ఒకటే కాంట్రిబ్యూషన్ పీరియడ్ (చందా కట్టే ఆరు నెలల గడువు) కాబట్టి మార్చి వరకూ 0.75 శాతం, అంటే 162 రూపాయలు, కట్ కావాల్సిందే. ఆగేది ఏప్రిల్లో. మీ ఫిబ్రవరి, మార్చి రెండూ చక్కగా సరిపోతాయి. ఏప్రిల్లో సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఆపుతుందా లేదా అన్నది లైవ్ అయ్యాకే తెలుస్తుంది. అలాగే 58 నిండినవాళ్లకి పెన్షన్ వాటా ఆగి యజమాని వాటా మొత్తం పీఎఫ్‌లోకి వెళ్లాలి. ఆ రెండు నెలల్లో ఎవరికీ 58 నిండకపోతే ఆ దారిలో సాఫ్ట్‌వేర్ అడుగే పెట్టదు. అందుకే టెస్ట్ సర్వర్లో (పరీక్షలకి విడిగా పెట్టుకున్న కాపీలో) తేదీ ముందుకు జరిపి ఏప్రిల్, అక్టోబరు జీతాలు నడిపి చూడాలంటాను.

హైదరాబాద్ ఆఫీసు ఇంకో తిరకాసు. వృత్తిపన్ను ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ ఒకటే: 15,000 దాకా లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. కాబట్టి హైదరాబాద్ వాళ్లని పొరపాటున విజయవాడ కిందే పెట్టినా నెట్ జీతం అచ్చం సరిపోతుంది. టిక్కు పెట్టేస్తారు. డబ్బు మాత్రం వేరే రాష్ట్రానికి కట్టేస్తారు. జీతం అంకె ఒక్కటే చూస్తే చాలదు, చలానా కూడా చూడాలి.

లబ్బీపేట కన్సల్టెంట్:
ఒక్క మాట. పేరలల్ రన్ అంటే పాతది ఒప్పు అనుకుని కొత్తదాన్ని దానితో పోల్చడం. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, వచ్చాయి. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే దాటిన ముక్కని పీఎఫ్ లాంటివి లెక్కగట్టే వేతనంలో కలపాలి. మీ ఎక్సెల్‌లో అది ఉందా? లేకపోతే రెండూ రూపాయి తేడా లేకుండా సరిపోవడమే తప్పు.

కోల్డ్ స్టోరేజ్ బుజ్జి:
మీరంతా రూపాయల దగ్గరే ఆగారు. మాది గుంటూరే, ఇదే ధంధా. ముందు హాజరు సరిగ్గా రానివ్వండి అక్కా. అమ్మోనియా కంప్రెసర్ ఆపరేటర్ రాత్రి పదింటికి వేలు పెట్టి ఎక్కుతాడు, పొద్దున ఆరింటికి వేలు పెట్టి దిగుతాడు. మా దగ్గర పెట్టిన సాఫ్ట్‌వేర్ పన్నెండింటికి రోజు మార్చేసి, మొదటి రోజు దిగలేదని, రెండో రోజు ఎక్కలేదని, రెండు రోజులూ ఆబ్సెంట్ వేసింది. ఎనిమిది గంటలు మేలుకుని పనిచేసినవాడికి రెండు రోజుల కోత!

ఇంకోటి. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషను ఒకసారి తీసుకోదు. చీర చెంగుకి తుడుచుకుని నాలుగుసార్లు నొక్కుతారు. నాలుగు పంచ్‌లు పడితే మీది లోపలికి వచ్చారంటుందా, బయటికి పోయారంటుందా? ఈ కేసు వెండర్ 140లో ఉందేమో అడగండి.

పేరోల్ వెండర్ వైపు మనిషి:
తిట్లన్నీ మాకేనా? మా 140 కేసులు సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందా అని చూడటానికి. మీ కంపెనీకి పనిచేస్తుందా అన్నది మీరే రాయాలి, మేం రాయలేం. బుజ్జి గారి వేళ్ల సంగతి హైదరాబాద్‌లో కూర్చున్న మాకెలా తెలుస్తుంది? యూఏటీకి, అంటే వాడేవాళ్లే కూర్చుని చేసే ఆఖరి పరీక్షకి, రమ్మంటే నెలాఖరు అంటారు, పదిహేనో తారీఖు పీఎఫ్ అంటారు. ఆఖరి రోజు వచ్చి సంతకం పెట్టేసి వెళ్తారు. ఇక్కడ ఇంకో హెచ్చరిక: పాత సెలవుల మాడ్యూల్‌ని కూడా మళ్లీ టెస్ట్ చేయండి. పేరోల్ తగిలించాక విరిగేది తరచుగా ఐదేళ్లుగా బాగా నడుస్తున్నదే.

పటమట కుర్రాడు:
టెస్ట్ సర్వర్లో అసలు ఫోన్ నంబర్లు మాత్రం పెట్టకండి మహాప్రభో. మేం పెట్టాం. రాత్రి పదకొండింటికి అందరి ఫోన్లూ టింగుమన్నాయి: "మీ జీతం రూ. 1 జమ అయినది". సెక్యూరిటీ తాత పొద్దున్నే వచ్చి, ఆ రూపాయి ఏ బ్యాంకులో పడిందయ్యా అని అడిగాడు.

టెస్టింగ్ అమ్మాయి, గుంటూరు:
నవ్వొచ్చినా సీరియస్ విషయమే. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు మార్చి పెట్టాలి. వ్యక్తిగత డేటా మీద 2023లో చట్టం వచ్చింది, వెండర్ దగ్గర లీకైనా జవాబు చెప్పాల్సింది కంపెనీయే.

పాత ఖాతా:
అన్నీ మార్చి బొమ్మ మనుషుల్ని పెడితే మా శ్రీనివాసరావులు దొరకరు తల్లీ. నా దగ్గర ఒకే ఇంటిపేరుతో ఇద్దరు శ్రీనివాసరావులుండేవాళ్లు. ఇద్దరికీ పుట్టినరోజు జులై 1, ఒకే సంవత్సరం. బళ్లో వేసినప్పుడు మాస్టారు రాసేసిన తారీఖు! పేరు, పుట్టిన తేదీ చూసి కంప్యూటర్ ఇద్దర్నీ ఒకటి చేసేసింది. ఒకాయన తీసుకున్న అడ్వాన్సు ఇంకొకాయన జీతంలో కోశారు. ఏ టెస్టరు ఊహించి రాస్తాడు ఇలాంటి కేసు?

టెస్టింగ్ అమ్మాయి, గుంటూరు:
టెస్టర్ ఊహించడు బాబాయ్ గారూ, మీరు చెప్పాలి. నా మొదటి నుంచీ గొడవ అదే. కేసులు రాయాల్సింది జీతాల గుమాస్తా పక్కన కూర్చుని, "ఏ నెల మీకు నిద్ర పట్టలేదు?" అని అడిగి. ఫోన్, ఖాతా నంబర్లు మార్చండి. పేర్లు మార్చినా, ఒకే పేరున్నవాళ్లకి ఒకే కొత్త పేరు పెట్టండి. తారీఖులు ముట్టుకోకండి. మీ శ్రీనివాసరావులు అక్కడే ఉంటారు.

గుంటూరు మాత్రం ఏప్రిల్‌కి వద్దనే నా మాట. ఫిబ్రవరి నుంచి సరుకు దిగుతుంది, కోల్డ్ స్టోరేజీలో ఊపిరాడదు. మేలో మిర్చి యార్డుకి వేసవి సెలవులిచ్చాక పెట్టుకోండి.

ఆటోనగర్ హెచ్‌ఆర్:
ఈ పేజీ ప్రింటు తీసి ఎండీ గారి టేబుల్ మీద పెట్టాను. చాలాసేపు చదివి, వృత్తిపన్ను దగ్గర ఆగి, అకౌంటెంట్ గారిని పిలిచారు. విజయవాడ, హైదరాబాద్ ఏప్రిల్ 1నే. ఈలోగా రెండు నెలలు పేరలల్, దాంతోపాటు తేదీ జరిపి ఏప్రిల్, అక్టోబరు కూడా. సంతకం వెండర్ ముందు కాదు, అకౌంటెంట్ గారు, నేను ఇద్దరం పెడితేనే. లేబర్ కోడ్ లెక్క ఎక్సెల్‌లో లేదు, ముందు దాన్ని సరిచేస్తున్నాం. గుంటూరు జూన్‌కి. అకౌంటెంట్ గారు కోపంగానే ఉన్నారు గానీ, ఇప్పటికి 37 కేసులు ఆయనే రాశారు.

కోల్డ్ స్టోరేజ్ బుజ్జి:
జూన్‌లో పెట్టుకోండి అక్కా, కాదనను. కానీ యార్డుకి సెలవులైతే తూకం గుమాస్తాలు, టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టే సీజన్ కుర్రాళ్లు ఎవరూ ఉండరు. ఖాళీ గోడౌన్లో ఏం టెస్ట్ చేస్తారు? లైవ్ అప్పుడే గానీ, టెస్టింగ్ మాత్రం ఫిబ్రవరిలోనే చేయండి. మిషను, ఒక మనిషిని రెండు రాత్రులు పంపండి. దుప్పటి తెచ్చుకోమనండి, టీ నేను చూసుకుంటా.