ఫెల్ట్ బూట్లు వద్దన్నారు సరే, ఇంతకీ ట్రౌట్ ఎవరి చేప?

గాలంబాబు (ఆక్లాండ్):
న్యూజిలాండ్‌లో ఉన్న తెలుగు గాలం మిత్రులకి ఒక ప్రశ్న. ఇక్కడ వసంతం మన దసరా రోజుల్లో వస్తుంది కదా. ఇంట్లో బొమ్మల కొలువు వదిలేసి, అక్టోబరు 1న సీజన్ తెరవగానే సౌత్ ఐలాండ్ వెళ్ళి మటౌరా నదిలో దిగాను. మంచు కరిగి వచ్చే నీళ్ళు, తొడల్లోతు. రబ్బరు అడుగున్న బూట్లతో పాచి రాయి మీద కాలేశాను. జర్రున జారి పడ్డాను. రాడ్ పోయింది, మోచెయ్యి వాచింది, చేప మాత్రం దక్కలేదు.

నా దగ్గర ఫెల్ట్ అడుగున్న పాత జత ఉంది. కంబళిలా ఉన్ని అదిమి చేసిన అడుగు, రాయిని పట్టుకుంటే వదలదు. కానీ 2008 నుంచి ఇక్కడ ట్రౌట్ (చల్లటి నదుల్లో గాలంతో పట్టే చేప) పట్టేవాళ్ళకి ఫెల్ట్ నిషేధం. డిడిమో అనే నాచు ఒక నది నుంచి ఇంకో నదికి పోతుందట. సౌత్ ఐలాండ్ అంతా అది పాకి ఎన్నేళ్ళో అయింది. ఇల్లు కాలిపోయాక బావి తవ్వినట్టు లేదూ? పైగా ఆ నిబంధన గాలం వాళ్ళకే. అదే నీళ్ళలో దిగే కయాక్ (సన్నటి చిన్న పడవ) వాళ్ళ చెప్పులు ఎవరూ చూడరు.

పులసమ్మ (క్రైస్ట్‌చర్చ్):
మోచెయ్యి జాగ్రత్త బాబూ. కానీ బావి పోలిక ఒప్పుకోను. సౌత్ ఐలాండ్ అంతా పాకింది అంటే ప్రతి నదిలో, ప్రతి పాయలో ఉందని కాదు. నార్త్ ఐలాండ్‌లో ఇప్పటిదాకా కనబడలేదు కూడా.

డిడిమో పట్టిన నదిని దగ్గర నుంచి చూశారా? 2004లో వైయావు నదిలో మొదట బయటపడింది. రాళ్ళ మీద తడి దూది ముద్దల్లా, కొసలు టాయిలెట్ కాగితం పేలికల్లా నీళ్ళలో ఊగుతూ ఉంటుంది. ఇంగ్లీషు వాళ్ళు ముద్దుగా పెట్టిన పేరుకి తెలుగు చేస్తే "రాళ్ళ చీమిడి". మునిగే ఫ్లై, అంటే పురుగులా కట్టిన ఎర, విసిరితే ప్రతిసారీ ఆ పీచే తగులుకుంటుంది. ఒక్క చుక్క నీళ్ళు చాలు దాని కణాలు మోయడానికి. ఫెల్ట్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల రోజుల తరబడి తడే.

కయాక్ వాళ్ళని వదిలేశారన్నది కూడా సగమే నిజం. తెలిసి డిడిమోని వ్యాపింపజేస్తే ఎవరికైనా ఐదేళ్ళ జైలు, లక్ష డాలర్ల జరిమానా దాకా ఉంది.

రాళ్ళసీమ (హామిల్టన్):
పులసమ్మ గారూ, ఒక చిన్న అభ్యంతరం. డిడిమో ముద్దలు కట్టడానికి కారణం అది కొత్తగా రావడమేనా అన్నది శాస్త్రవేత్తల్లోనే పెద్ద చర్చ. నీళ్ళలో ఫాస్ఫరస్ మరీ తక్కువైతేనే అది అలా తోకలు పెంచుతుందని 2014 ప్రాంతంలో గట్టిగా వాదించారు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం 2011లో ఫెల్ట్‌ని నిషేధించి, 2016లో ఎత్తేసింది. మన నార్త్ ఐలాండ్ మధ్య భాగం అగ్నిపర్వతాల నేల, అక్కడి నీళ్ళలో ఫాస్ఫరస్ సహజంగానే ఎక్కువ. అక్కడ డిడిమో లేకపోవడం మన బూట్ల శుభ్రత మహిమేనని ఎలా చెప్తాం?

పులసమ్మ:
మీరన్నది ఉత్తర అమెరికాకి నప్పుతుంది, అక్కడ అది ముందు నుంచీ ఉన్నదే. ఇక్కడ 2004కి ముందు తీసిన నది నమూనాల్లో లేదు. ఫాస్ఫరస్ సంగతి అది ఎక్కడ బలుస్తుందో చెప్తుంది గానీ, ఎలా వచ్చిందో చెప్పదు. విత్తనం, నేల రెండూ కావాలి కదండీ. నేలని మనం మార్చలేం.

గాలంబాబు:
సరే, అసలు మాటకొస్తాను. ఈ దేశంలో ట్రౌట్ పుట్టిందా? బ్రౌన్ ట్రౌట్ గుడ్లు ఇంగ్లండ్ నుంచి 1864లో మంచులో పెట్టి ఓడ మీద టాస్మేనియాకి, అక్కడి నుంచి 1867లో ఇక్కడికి. రెయిన్‌బో ట్రౌట్ తర్వాత కాలిఫోర్నియా నుంచి. బయటి నుంచి వచ్చిన చేపని కాపాడటానికి బయటి నుంచి వచ్చిన నాచుని ఆపుతున్నాం. గోర్ ఊళ్ళో ఆ చేపకి విగ్రహం కూడా కట్టారు! ఏ వలస ప్రాణికి వీసా, దేనికి డిపోర్టేషన్ అన్నది ఎవరు తేల్చారు?

చక్రపొంగలి:
గ్రీన్ కార్డ్ క్యూలో నిలబడే మనవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది 😄

కాలువగట్టు (డునెడిన్):
బాబు అడిగింది నవ్వి వదిలేసే ప్రశ్న కాదు. నాది యానాం వైపు. అక్కడ దసరా దీపావళి నడుమ చీరమేను వస్తుంది కదా, గోదావరి మొగలో చీరలతో పట్టే పిల్ల చేప. ఇక్కడా అచ్చం అలాంటిదే ఉంది, వైట్‌బెయిట్. సముద్రం నుంచి నది ఎక్కే పిల్లలు. పట్టే కాలం సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 30 వరకు. ఆ పిల్లలు పెరిగితే ఇనంగా, కోఆరో లాంటి ఇక్కడి సొంత చేపలు. వాటిని తినేవాళ్ళలో మన ట్రౌట్ దొరగారు ఒకరు. ఓటాగో కొండల్లో సముద్రానికి పోని రకాలున్నాయి. ఇవాళ కొన్ని బతికున్నది ట్రౌట్ ఎక్కలేని జలపాతాల పైనే.

ఉపొకొరొరో అని ఇంకో చేప ఉండేది. 1930ల తర్వాత దాన్ని చూసినవాళ్ళు లేరు. అడవులు కొట్టడం, ట్రౌట్, ఇంకా చాలా కారణాలు చెప్తారు. దానికి చట్టరక్షణ ఎప్పుడొచ్చిందో తెలుసా? 1951లో. చేప పోయిన ఇరవై ఏళ్ళకి! ట్రౌట్‌కి మాత్రం అది దిగిన 1867లోనే చట్టం చేశారు. ఇప్పటికీ దాన్ని కొనకూడదు, అమ్మకూడదు. మనం పట్టుకు తినాలి, లేదా పట్టినవాళ్ళు పెడితే తినాలి.

కాబట్టి ట్రౌట్‌కి ఎక్కువ మర్యాద జరుగుతోందన్న బాబు మాట నాకు పూర్తిగా సమ్మతమే. సొంత చేపలున్న పాయల్లోంచి దాన్ని తీసేయాలనే అంటాను, నేనూ వారం వారం గాలం వేసేవాణ్ణే అయినా. కానీ దాన్ని పట్టుకుని ఫెల్ట్ తొడుక్కోవడానికి వాదన అల్లితే ఎలా తమ్ముడూ? చీమిడి రాళ్ళని కప్పేస్తే కింద పురుగులు మారిపోతాయి. ఇనంగా కూడా ఆ పురుగులే తింటుంది.

రాళ్ళసీమ:
నా ఫాస్ఫరస్ మాట వెనక్కి తీసుకోను. అయితే డిడిమో ఒక్కదాని గురించే మాట్లాడుకోవడం మన తప్పు. 2023 మేలో వైకాటో నదిలో గోల్డ్ క్లామ్ బయటపడింది, ఆసియా నుంచి వచ్చిన చిన్న ఆల్చిప్ప. పిల్లలు ఇసుక రేణువంత. దీనికి జత కూడా అక్కర్లేదు, ఒక్కటే చాలు పిల్లలు పెట్టడానికి. ఇది ఉన్నది నార్త్ ఐలాండ్‌లో. అంటే ఇప్పుడు భయం ఎదురు దిక్కున. గాలంబాబు గారూ, మటౌరాకి ముందు మీరు ఎక్కడ దిగారు?

గాలంబాబు:
...వైకాటోలో. కరాపిరో దగ్గర. మటౌరాకి నాలుగు రోజుల ముందు.

పులసమ్మ:
అయ్యో. ఆ బూట్లు కడిగారా?

గాలంబాబు:
పంపు కింద పెట్టి కడిగాను. రబ్బరు కాబట్టి ఒక్కరాత్రిలో ఆరాయి అనుకున్నాను. ఫెల్ట్ అయితే తడితోనే విమానం ఎక్కించేవాణ్ణి, ఒప్పుకుంటున్నాను. పడితే మోచెయ్యి నాది, ఆ కోపం పోలేదు. రబ్బరుకి ఇనుప మేకులు బిగిస్తారట, అవి పని చేస్తాయా?

కాలువగట్టు:
పాచి రాయి మీద బాగానే. నున్నటి బండ మీద జాగ్రత్త. చేతికర్ర తీసుకో, యాభై దాటాక నాకు రెండో కాలు అదే. ఇక కడగడం అంటే, ముందు బురద, చెత్త ఏరెయ్యి. 60 డిగ్రీల వేడినీళ్ళలో నిమిషం తగ్గకుండా ఉంచు. ముట్టుకుంటే తడి తగలనంతగా ఆరాక, అప్పటి నుంచి ఇంకో 48 గంటలు ఆరనివ్వు. డిడిమోకైతే నూటికి ఐదు పాళ్ళ గిన్నెల సబ్బు నీళ్ళూ పనిచేస్తాయి, ఆల్చిప్పలకి దాన్ని నమ్ముకోకు.

గాలంబాబు:
బూట్లు, వేడర్లు (నీళ్ళలో దిగడానికి వేసుకునే పొడుగు తొడుగులు) అలాగే చేస్తాను. ఇప్పుడే గుర్తొచ్చింది, చేపని ఎత్తే చేతివల అసలు కడగనేలేదు. అదీ వైకాటోలో ముంచిందే. కారు డిక్కీలో ఇంకా తడిగానే ఉంది.