ఆదివారం కాఫీ మీట్‌కి నాన్నగారి పాత మారుతి 800 తేవచ్చా?

కూకట్‌పల్లి_800:
అందరికీ నమస్తే. ఈ ఆదివారం పొద్దున 6:30కి గండిపేట వైపు మన క్లబ్ కాఫీ మీట్ ఉందని చూశాను. నా దగ్గర నాన్నగారు 1996లో కొన్న 800 ఉంది. కార్బురేటర్ బండి, ఏసీ లేదు. ఫోటోల్లో చూస్తే అన్నీ తళతళలాడే కార్లే. దీన్ని తెస్తే నవ్వుతారేమో అని చిన్న టెన్షన్. పైగా వారం కదపకపోతే ఒక పట్టాన స్టార్ట్ కాదు.

పద్మిని84:
కళ్లు మూసుకుని తీసుకురండి. నేను మొదటిసారి నా పాత ప్రీమియర్ పద్మిని కారుతో వచ్చినరోజు నా పక్కన ఒక జర్మన్ కారు ఆగింది. దాని డబ్బుతో మా ఊళ్లో పొలం కొనొచ్చు. జనం మాత్రం నా బానెట్ చుట్టూ చేరారు. స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు చూసి ఒక కుర్రాడు "అంకుల్, ఇండికేటర్ ఇంత పెద్దదా?" అన్నాడు. ఇప్పుడు ప్రతి వారం వాడే నా బండి తుడుస్తాడు.

గ్రీజు_చేతులు:
స్టార్టింగ్ సంగతి చెప్తా అన్నా. వారం నిలబడితే కార్బురేటర్‌లో పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు మళ్లీ లాగి నింపేదాకా సెల్ఫ్ కొట్టాల్సిందే, కానీ ఒకేసారి పది సెకన్లకు మించొద్దు. అంతకన్నా ముఖ్యం, పెట్రోలు పైపులు చూసుకో. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు దానికి తట్టుకోదు, పంపులో ఉండే డయాఫ్రమ్ అనే సాగే పొర కూడా అంతే. వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే కాఫీ సంగతి దేవుడెరుగు.

కూకట్‌పల్లి_800:
ఇప్పుడే చూశా. పైపు వంచితే సన్నగా పగుళ్లు. రేపే మార్పిస్తా.

పొద్దుటి_డ్రైవర్:
ఆర్సీ కూడా చూసుకోండి. 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్ కదా. 96 బండి అంటే 2011, 2016, 2021, మళ్లీ 2026. ఔటర్ రింగు రోడ్డు మాత్రం ఎక్కొద్దు. అక్కడ 120 కి.మీ. వేగం దాకా వెళ్లనిస్తారు, మన 796 సీసీకి సర్వీస్ రోడ్డే హాయి.

ఫియట్_తాత:
నాది 1972 ఫియట్. 50 ఏళ్లు దాటింది కాబట్టి 2021లో వచ్చిన రూల్స్ ప్రకారం "వీఏ" అక్షరాలున్న వింటేజ్ ప్లేటు తీసుకోవచ్చు. కానీ ఆ ప్లేటుతో రోజువారీ తిరగకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ అయితేనే సరే. ఆదివారం కాఫీ ప్రదర్శన కిందికి వస్తుందా అని ఒక ఏజెంటును అడిగితే నవ్వాడు. ప్లేటు తీసుకోలేదు.

నిశ్శబ్దం_ప్లీజ్:
కొత్తవాళ్లు చదువుతున్నారు కాబట్టి కటువుగానే చెప్తున్నా. పాత చోట మనల్ని ఇక రావద్దన్నారు. తప్పు ఆ కాఫీ షాపుది కాదు. మనవాళ్లు ఇద్దరు సైలెన్సర్లు మార్పించుకొచ్చి పార్కింగ్‌లో రేజ్ చేశారు. పై అంతస్తులో బాలింత ఉంది. ఇంజన్ ఆపి బానెట్ ఎత్తండి, అందరూ వస్తారు.

పద్మిని84:
నూటికి నూరుపాళ్లు. ఇంకో మాట, పేరుకే కాఫీ మీట్, సగం మంది తాగేది చాయే.

కూకట్‌పల్లి_800:
వెళ్లొచ్చాం! నాన్నగారిని కూడా తీసుకెళ్లా. పైపు మార్చాక రెండో సెల్ఫ్‌కే అందుకుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం గేటు దగ్గర ఆగిపోయింది. తెల్ల బూట్లేసుకున్న ఆ జర్మన్ కారు ఆయనే వచ్చి తోశారు. నాన్నగారు ఫియట్ తాతగారితో చోక్ గురించి గంటన్నర మాట్లాడారు, తెప్పించిన కాఫీ చల్లారిపోయింది. ఇంటికొచ్చాక తాళం నాకివ్వలేదు.

ఫియట్_తాత:
ఆయన్ని వచ్చేవారం 6:15కే రమ్మను బాబూ. చెట్టు కింద నీడ రెండు బండ్లకే ఉంది.