టిల్ట్ పవర్ వీల్‌చైర్‌లో పిల్లోడు ముందుకు జారిపోతున్నాడు, ఏం చూడాలి?

ప్రశ్న (అనంతపురం, తండ్రి)

బాబుకు 8 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ. కాళ్లూ చేతులూ నాలుగూ బిగుసుకుంటాయి, తల ఎక్కువసేపు నిలపలేడు. వాడిన పవర్ వీల్‌చైర్ ఒకటి తీసుకున్నాం, సీటు మోటారుతో వెనక్కి వాలుతుంది (దీన్నే టిల్ట్ అంటారు). కూర్చోబెట్టిన పావుగంటకే ముందుకు జారి తోక ఎముక మీదికి వచ్చేస్తాడు. టిల్ట్ పెంచి చూశాం, ఆగలేదు. కొలతలు ఇవీ: పిర్రల వెనక నుంచి మోకాలి మడత దాకా కుడివైపు 31 సెం.మీ., ఎడమవైపు 30. తుంటి వెడల్పు 25. సీటు లోతు 34, వెడల్పు 30.

ఇంకోటి, టిల్ట్ వాడి మళ్లీ నిటారుకు తెచ్చాక ఒక్కోసారి బండి కదలదు. జాయ్‌స్టిక్ లైట్లు మాత్రం వెలుగుతుంటాయి.

జవాబు 1 (కర్నూలు, పిల్లల ఫిజియో)

జారుడుకు కారణం మీరిచ్చిన కొలతల్లోనే ఉందండీ. సీటు లోతు మోకాలి మడత కొలత కంటే 2-3 సెం.మీ. తక్కువ ఉండాలి. రెండు కాళ్లకు తేడా ఉంటే పొట్టివైపు కొలతే లెక్క. అంటే బాబుకు 27-28 చాలు, మీ సీటు 34. పిర్రలు వెనక ఆనేలోపే సీటు అంచు పిక్కకు తగులుతుంది, ఇక నడుము ముందుకు రాక ఏం చేస్తుంది? టిల్ట్ ఎంత పెంచినా దీన్ని ఆపలేదు.

ఫ్రేమ్‌లో వీపు పలకను ముందుకు జరిపే రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే ప్లైవుడ్ ముక్కకు గట్టి ఫోమ్ అతికించి, మొత్తం మందం 6 సెం.మీ. వచ్చేలా చేసి వీపు పలక ముందు బిగించండి. మెత్తటి దిండు పెట్టొద్దు, నాలుగు రోజుల్లో అణిగిపోతుంది. వెడల్పు 27 ఉంటే సరిపోతుంది కాబట్టి రెండు పక్కలా ఒకటిన్నర సెం.మీ. ఫోమ్ వేయండి. బాబు ముందుకు వస్తాడు గనక జాయ్‌స్టిక్‌నూ అంత ముందుకు జరపాలి.

బెల్టు పొట్ట మీద ఉంటే పనికిరాదు. తొడ, నడుము కలిసే మడతలో కూర్చోవాలి, సీటుకు సుమారు 60 డిగ్రీల వాలులో కిందికి, వెనక్కి లాగాలి. పాదాల పలకలు మరీ ముందుకు ఉన్నాయేమో కూడా చూడండి. తొడ వెనక కండరాలు బిగుసుకున్న పిల్లలకు మోకాలు చాపిస్తే ఆ కండరాలే నడుమును ముందుకు లాగేస్తాయి. అలాంటప్పుడు పాదాలను మోకాళ్ల కిందికి, ఇంకా కాస్త వెనక్కే పెట్టాలి.

ఎడమ, కుడి మధ్య ఒక సెంటీమీటరు తేడా అన్నారు. నడుము వంకరగా ఉన్నప్పుడు కొలిచారేమో, గట్టి బల్ల మీద కూర్చోబెట్టి, పిర్రల వెనక అట్ట పుస్తకం నిలబెట్టి మళ్లీ కొలవండి. అప్పుడూ తేడా వస్తే తుంటి ఎక్స్‌రే తీయించండి. ఇలాంటి పిల్లల్లో తుంటి కీలు మెల్లగా పక్కకు జరిగిపోవడం తరచూ జరుగుతుంది, నొప్పి వచ్చేదాకా ఆగకూడదు.

జవాబు 2 (కడప, పవర్ చైర్ రిపేర్లు)

అన్నా, లైట్లు వెలిగి బండి కదలట్లేదంటే ముందు అనుమానించాల్సింది లాకౌట్ స్విచ్. సీటు బాగా వాలి ఉన్నప్పుడు బరువు వెనక్కి పోతుంది, బండి నడిస్తే వెల్లకిలా పడుతుంది. అందుకే ఒక హద్దు దాటాక డ్రైవ్ కట్ అయ్యేలా పెడతారు. సీటు దిగింది అని ఆ చిన్న స్విచ్ చెప్తేనే మోటార్లకు కరెంటు వెళ్తుంది.

ముందు బటన్ వదలకుండా, మోటారు చప్పుడు దానంతట అదే ఆగేదాకా నొక్కి చూడు. చాలామంది చూపుకు నిటారుగా కనపడగానే వదిలేస్తారు, రెండు మూడు డిగ్రీలు మిగిలిపోతాయి. అయినా కదలకపోతే బాబును దించి, సీటు పైకెత్తి, పవర్ ఆపి, సీటు కింద గట్టి కట్టె దిమ్మ పెట్టాకే చెయ్యి లోపల పెట్టు. సీటు మడిచే కీలు దగ్గర స్విచ్ ఉంటుంది. మీట వంగిందా, దుమ్ము గడ్డకట్టిందా చూడు. వేలితో నొక్కితే టిక్ అనాలి. పొడి బ్రష్షుతో దులుపు, నూనె వేయొద్దు, మన దుమ్ము దానికి అంటుకుని జిగురైపోతుంది.

స్విచ్ బాగుంటే వైరు. సీటు లేచి దిగే చోట నలిగి, పైతోలు బాగానే ఉండి లోపల తీగ తెగుతుంది. ఒక్కోసారి పనిచేసి ఒక్కోసారి చెయ్యదంటే సాధారణంగా ఇదే.

స్విచ్‌ను షార్ట్ చేసి, అంటే దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేసి నడిపిస్తామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

దిమ్మ పెట్టి చూశాను, కీలు దగ్గర వైరు నొక్కుకుపోయి ఉంది, మార్పిస్తాను. సార్, మరి టిల్ట్ ఎప్పుడు ఎంత పెట్టాలి? సంగటి తినిపించేటప్పుడు వాల్చుతున్నాం.

జవాబు 1

తినిపించేటప్పుడు వాల్చొద్దండీ. తల వెనక్కి పడితే ముద్ద గొంతులో అదుపు తప్పి ఊపిరితిత్తుల వైపు పోతుంది. దగ్గు రాకపోయినా పోవచ్చు. నిటారుగా పెట్టి, గడ్డం కొంచెం ముందుకు వంగేలా తలకు ఆసరా ఇవ్వండి. తిన్నాక అరగంట దాకా అలాగే ఉంచాలి. నిటారులో తల అసలు నిలవకపోతే స్పీచ్ థెరపిస్టు ఎదురుగా కూర్చుని కోణం నిర్ణయించాలి.

మిగతా వేళల్లో, నడిపేటప్పుడు, చదివేటప్పుడు 5-10 డిగ్రీలు. అలిసినప్పుడు 20-30. పిర్రల మీద ఒత్తిడి నిజంగా తగ్గాలంటే 30 దాటాలి, 45 దగ్గర బాగా తగ్గుతుంది. గంటకోసారి అలా కొన్ని నిమిషాలు ఉంచండి. ఫోన్‌లోని లెవెల్ యాప్‌ను సీటు పక్క రాడ్డుకు ఆనించి కొలిచి, ఫ్రేమ్ మీద రంగు టేపుతో గుర్తులు పెడితే ఇంట్లో ఎవరైనా సరిగ్గా పెడతారు.

వీపు ఒక్కటే వాలే బటన్ కూడా ఉంటే దాని జోలికి పోవద్దు. టిల్ట్‌లో సీటూ వీపూ కలిసి వాలతాయి, తుంటి కోణం మారదు. వీపు ఒక్కటే వాలితే తుంటి తెరుచుకుని ఒళ్లు విల్లులా బిగుస్తుంది, మళ్లీ జారుడు మొదలు.

జవాబు 3 (తాడిపత్రి)

బండి గడప దాటి ఇంట్లోకి రావాలంటే, గడప ఎత్తు 6 అంగుళాలైతే వాలు బండ 6 అడుగుల పొడవు ఉండాలి, ఒకటికి పన్నెండు లెక్క. మన నాపబండ పరిస్తే గరుకు వైపు పైకి పెట్టండి, పాలిష్ వైపు తడిస్తే చక్రం జారుతుంది. వాలు మీద సీటు పూర్తిగా నిటారుగానే ఉండాలి.

బ్యాటరీలు రెండు 12 వోల్టులవి కలిపి 24. ఒకటి పోయినా రెండూ ఒకేసారి మార్చండి, లేకపోతే పాతది కొత్తదాన్ని లాగేస్తుంది. ఎండాకాలం రేకుల షెడ్డులో చార్జింగ్ పెట్టొద్దు, వేడి 10 డిగ్రీలు పెరిగితే లెడ్ బ్యాటరీ ఆయుష్షు సగానికి పడుతుంది. చక్రాలు గాలివి అయితే తుమ్మ ముళ్లకు నిలవవు, ఫోమ్ నింపినవి వేయించండి.

మోటారు పక్కన, బండిని చేత్తో తోసుకోవడానికి తిప్పే మీట ఉంటుంది చూడండి, అది తిప్పితే బ్రేకులు కూడా పోతాయి. బాబు కూర్చుని ఉండగా వాలు మీద దాన్ని ముట్టుకోవద్దు.